ఆకు, నార, పాలితీను: చోడవరం ప్రాంతమున సరకు కట్టిన చరిత్ర

తోటలో పండిన పంట తోటలో ఉన్నంతవరకు సొమ్ము కాదు. అది నలగక, తడవక, కుళ్ళక కొనువాని చేతికి చేరినప్పుడే రైతునకు నాలుగు డబ్బులు వచ్చును. కావున పండించుట ఎంత విద్యయో, పండినదానిని కట్టి పంపుట కూడ అంత విద్యయే. పాఠ్యపుస్తకములలో ఈ రెండవ విద్యకు చోటు తక్కువ. అయినను దానికొక చరిత్ర ఉన్నది. వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, వాణిజ్యము, చట్టము ఆ చరిత్రలో చేయి కలిపి నడిచినవి.

ఈ చరిత్రను తెలిసికొనుటకు చోడవరం తగిన చోటు. ఇది అనకాపల్లికి ఉత్తరముగా, శారదా నదీ పరీవాహక ప్రాంతమున ఉన్నది. చిరకాలము విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. ఒక ప్రక్క సముద్రతీరము, మరియొక ప్రక్క మాడుగుల, పాడేరు కొండలు. మైదానమున చెరకు ముఖ్యమైన పంట. చోడవరమునకు సమీపమున గోవాడలో సహకార చక్కెర కర్మాగారము వెలసినది ఈ చెరకు వలననే. ఊరూర గానుగలయొద్ద కాచిన బెల్లము అనకాపల్లి మార్కెట్టుకు చేరుచు, ఆ మార్కెట్టుకు దేశమంతట పేరు తెచ్చినది.

ఇట్టి ప్రాంతమున బెల్లమో, కూరగాయలో, పూలమొక్కలో అమ్ముకొను చిన్న వ్యాపారి నేడొక ప్రశ్నను ఎదుర్కొనుచున్నాడు. పలుచని ప్లాస్టిక్ సంచిని మానవలెను. మానినచో సరకును దేనిలో కట్టవలెను? “పూర్వులవలె ఆకులో కట్టుము” అని చెప్పుట సులభము. కాని వానకాలమున ఆకులో కట్టిన బెల్లము నీరుకారిపోయినచో నష్టపోవునది అతడే. పూర్వులు దేనిని దేనిలో కట్టిరి, ఎందుకు కట్టిరి, ఆ పద్ధతి ఎందువలన మారినది అను విషయములు తెలిసినగాని ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు.

ఆకు

ప్రకృతి తయారుచేసిన మొదటి పొట్లపు కాగితము ఆకు. ఆకు పైభాగమున క్యూటికిల్ అను పలుచని మైనపు పొర ఉండును. మొక్కలోని నీరు ఎండకు ఆవిరియై పోకుండ కాపాడుట దాని పని. అరటాకుమీద పోసిన నీరు ముత్యములవలె జారిపోవుటకు ఈ పొరయే కారణము. మొక్క తనకొరకు చేసికొన్న ఈ ఏర్పాటును మనిషి తన సరకు కొరకు వాడుకొనెను. పూలవారు మల్లెలను పచ్చి ఆకులో చుట్టి ఇచ్చుటలోని రహస్యమిదియే. ఆకులోని తడి పూలను వాడనీయదు. ఆకుల సందులలో గాలి ఆడుచుండుటచే పూలు ఉడికిపోవు.

విశాఖ మన్యమునుండి మైదానమునకు దిగివచ్చిన ఆకులలో అడ్డాకు ప్రధానమైనది. ఇది అడవి చెట్లపైకి ప్రాకు పెద్ద తీగ. వృక్షశాస్త్రజ్ఞులు చాలకాలము దీనిని బౌహీనియా వాహ్లియై అని పిలిచిరి. ఇప్పుడు ఫనేరా వాహ్లియై అనుచున్నారు. బౌహీనియా అను పేరు వెనుక చిన్న కథ కలదు. ఈ జాతి మొక్కల ఆకు రెండు రెక్కలుగా చీలి, మధ్య కలిసియుండును. దానిని చూచి లిన్నేయసు పండితుడు బౌహిన్ అను ఇంటిపేరు గల ఇద్దరు అన్నదమ్ముల జ్ఞాపకార్థము ఆ పేరు పెట్టెను. వారిద్దరును వృక్షశాస్త్రజ్ఞులే.

గిరిజనులు అడ్డాకును కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతలకు తెచ్చుచుండిరి. ఆ ఆకులను సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు, దొప్పలు చేయుదురు. అటవీ ఫలసాయమునకు గిరిజనులకు న్యాయమైన ధర దొరకవలెనను ఉద్దేశముతో 1956లో విశాఖపట్నము కేంద్రముగా గిరిజన సహకార సంస్థ ఏర్పడినది.

ఆకునకు లోపములు లేకపోలేదు. ఎండినచో పెళుసగును. తడిసినచో బూజు పట్టును. ఒక ఆకు మరియొక ఆకువలె ఉండదు. అందువలన ఒకటి రెండు దినములలో వాడుకొను సరకునకే అది తగియుండును. పూలకు, ఆకుకూరలకు, సంతలో కొని ఇంటికి తీసికొనిపోవు తినుబండారములకు ఆ గడువు చాలును.

వెదురు బుట్ట చేయు పని

కోసిన కూరగాయ చచ్చిన వస్తువు కాదు. తీగనుండి తెంపిన పిదపకూడ బీరకాయ, వంకాయ, బెండకాయ శ్వాసించుచునే ఉండును. అవి గాలిలోని ఆక్సిజనును తీసికొని కార్బన్ డయాక్సైడును, నీటి ఆవిరిని, కొంత వేడిని విడుచును. ఆ వేడి, ఆ తడి బయటికి పోవుటకు దారి ఉండవలెను.

వెదురు బద్దలతో అల్లిన గంపలోని సందులు ఈ దారినే కల్పించును. పొదుపు కొరకు వదలిన ఖాళీలుగా కనిపించునవి నిజముగా గవాక్షములు. గంప అడుగున గడ్డి పరచి, పైన తడిగుడ్డ కప్పినచో, గుడ్డలోని నీరు ఆవిరియగుచు లోని వేడిని కొంత తగ్గించును. కుండలోని నీరు చల్లబడు సూత్రమే ఇదియును. ఇదే కాయగూరలను గాలి చొరని పాలితీను సంచిలో బిగించి కట్టినచో కొన్ని గంటలలోనే లోపలి గోడపై నీటిబొట్లు పట్టును. బూజునకు, బాక్టీరియాకు అంతకన్న అనువైన చోటు లేదు. అనగా కూరగాయల విషయమున ప్లాస్టిక్ సంచి నేలకు చేయు చెరుపు సంగతి అటుంచి, సరకునకు కూడ మేలు చేయలేదు. సంచికి చిల్లులు పెట్టుట ఈ లోపమును కప్పిపుచ్చుటకే.

గోగునార: ఒక రేవు పేరు ప్రపంచమున నిలిచిన కథ

దూరప్రాంతములకు పోవు సరకునకు ఆకు, గంప చాలవు, గోనెసంచి కావలెను. ఈ విషయమున విశాఖ తీరమునకు విశిష్టమైన స్థానమున్నది. విశాఖపట్నమునకు ఉత్తరమున భీమునిపట్నం అను పాత రేవు కలదు. 17వ శతాబ్దమున డచ్చివారు అక్కడ వర్తకస్థానము పెట్టిరి. ఈ రేవునుండి ఎగుమతియైన గోగునారను ప్రపంచ విపణిలో ‘బిమ్లిపటం జూటు’ అని పిలిచిరి. భీమునిపట్నమునకు ఆంగ్లేయుల నోట వచ్చిన రూపమే బిమ్లిపటం. నేటికిని నారపంటల గ్రంథములలో ఈ పేరు కనిపించును. గోగు శాస్త్రనామము హైబిస్కస్ కన్నాబినస్. తెలుగువారు గోంగూరగా వండుకొను మొక్కలు ఈ గోగు, దీనికి దగ్గరి చుట్టమైన మరియొక హైబిస్కస్. ఆకు వంటయింటికి, కాండపు నార గోనెకు పోయినవి.

నార తీయు పద్ధతి విద్యార్థులు గమనింపదగినది. కోసిన కాండములను కట్టలుగా కట్టి కొన్నివారములపాటు చెరువు నీటిలో ఊరవేయుదురు. నారపోగులను కాండమునకు అంటిపెట్టియుంచునది పెక్టిన్ అను జిగురు. నీటిలోని బాక్టీరియా ఆ జిగురును తినివేయును. పిదప బెరడును ఒలిచి, జాడించి, ఎండబెట్టినచో నార చేతికి వచ్చును. మనిషి చేయలేని సన్నని పనిని సూక్ష్మజీవిచేత చేయించుకొనుట ఇది. పని తీరిన పిదప గోనెను మట్టిలో కలుపునవి కూడ సూక్ష్మజీవులే. గోనె పుట్టుక, అంతము రెండును వాటి చేతిలోనే ఉన్నవి.

జనపనార పరిశ్రమ చరిత్ర కూడ ఇచ్చట జ్ఞాపకము చేసికొనవలెను. 1830 ప్రాంతములవరకు బిరుసైన ఈ నార యంత్రములకు లొంగలేదు. స్కాట్లండులోని డండీ నగరమున తిమింగిలపు నూనెతో నారను మెత్తబరచి యంత్రములపై వడకుట నేర్చిరి. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు మొదటి జనపనార మిల్లు వెలసినది. పిమ్మట తెలుగునాట భీమునిపట్నం సమీపమున చిట్టివలసలోను, విజయనగరం దగ్గర నెల్లిమర్లలోను మిల్లులు నడచినవి. 1947లో దేశవిభజన జరిగినప్పుడు జనపనార పండు భూములలో ఎక్కువభాగము తూర్పు పాకిస్తానుకు పోయి, మిల్లులు మాత్రము ఇండియాలో మిగిలినవి. ఆ కొరత తీర్చుటకు గోగు సాగును ప్రోత్సహించిరి. తీరాంధ్రపు మెట్టభూములకు ఇది కలిసివచ్చినది.

అయితే ఆ వైభవము నిలువలేదు. పాలిప్రొపిలీన్ పట్టీలతో నేసిన తెల్లని సంచులు గోనెకన్న తేలికయై, చవుకయై బజారునకు వచ్చినవి. ఎరువులు, సిమెంటు ముందుగా వానిలోనికి మారినవి. గోనెను కాపాడుటకు 1987లో కేంద్రప్రభుత్వము ఆహారధాన్యములు, చక్కెర వంటి సరకులను జనపనార సంచులలో కట్టవలెనని చట్టము చేసినది. అయినను చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. ప్రపంచమునకు తన రేవు పేరుతో నారను పంపిన ప్రాంతమున నారమిల్లు మూతపడుట ఈ చరిత్రలో విచారకరమైన ఘట్టము.

బెల్లము పెట్టిన పరీక్ష

ఆకు, గంప, గోనె ఎన్ని మంచిగుణములు కలవైనను ఒక్క పరీక్షలో ఓడిపోయినవి. ఆ పరీక్ష పెట్టినది బెల్లము.

బెల్లములో ఎక్కువభాగము సుక్రోజు అను చక్కెర. దానితోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు అను చక్కెరలు కూడ కొంత ఉండును. చెరకు ఆలస్యముగ గానుగకు వచ్చినను, రసములో పులుపు ఎక్కువైనను సుక్రోజు విడిపోయి ఈ రెండింటి పాలు పెరుగును. వీనిలో ఫ్రక్టోజునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము మిక్కుటము. లవణములు కూడ దీనికి తోడ్పడును. కావున గాలిలో తేమ పెరిగినకొలది బెల్లపు దిమ్మ పైభాగము చెమర్చి, మెత్తబడి, చివరకు పాకమై కారును. పలుచబడిన పాకములో ఈస్టులు చేరి పులియబెట్టును. రంగు నల్లబడును, ధర పడిపోవును.

చెరకు గానుగలు నడచునది ముఖ్యముగా శీతకాలమునుండి వేసవి మొదటివరకు. తరువాత వచ్చునది వానకాలము. తీరప్రాంతపు వానగాలిలో ఆ బెల్లమును నెలల తరబడి నిలువ ఉంచవలెను. ఆకు, గోనె, కాగితము అన్నియు సెల్యులోజుతో చేసినవే. సెల్యులోజు అణువుపై నీటిని ఆకర్షించు హైడ్రాక్సిల్ సమూహములు వరుసగా ఉండును. అనగా ఈ కట్టులు తేమను ఆపకపోగా తామే పీల్చి లోనికి అందించును. రంధ్రములు లేని మట్టిజాడీ, గాజుసీసా, తగరపు డబ్బా ఈ పరీక్షలో నెగ్గినవి గాని, వాటి బరువు, ధర చిన్న వ్యాపారికి భారమైనవి. అనకాపల్లిలో 1913లో ఏర్పడిన వ్యవసాయ పరిశోధన కేంద్రము చెరకుతోపాటు బెల్లపు నాణ్యత, నిలువ విషయములలో కూడ పరిశోధనలు జరుపుచు వచ్చినది. బెల్లము చెడకుండుటకు దానిలోని తేమ తక్కువగ ఉండుట, బయటి తేమ లోనికి రాకుండుట అను రెండును కావలెను. రెండవ పనికి చవుకైన సాధనముగా దొరికినది పాలితీను.

పాలితీను రాక

1933 మార్చిలో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థ రసాయనజ్ఞులు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్ వాయువును బెంజాల్డిహైడుతో కలిపి అత్యధిక పీడనమున వేడిచేసిరి. వారు ఆశించిన పదార్థము రాలేదు; పాత్రలో తెల్లని మైనము వంటి ముద్ద మిగిలినది. అదియే పాలితీను. రెండవ ప్రపంచయుద్ధకాలమున రాడారు తీగలకు తొడుగుగా అది ఎంతో ఉపకరించినది. తరువాత 1953లో జర్మనీలో కార్ల్ సీగ్లరు తక్కువ పీడనముతోనే పాలితీనును చేయు మార్గము కనిపెట్టెను. 1954లో ఇటలీలో జూలియో నట్టా క్రమమైన కట్టడి గల పాలిప్రొపిలీనును తయారుచేసెను. 1963లో వారిరువురకు నోబెల్ బహుమానము లభించినది. 1965లో స్వీడనుకు చెందిన ఒక సంస్థ, నేడు అంగళ్ళలో కనిపించు చేతిసంచి రూపమునకు పేటెంటు పొందినది.

పాలితీను అణువు కార్బను పరమాణువుల పొడవైన గొలుసు. ఆ గొలుసు చుట్టును హైడ్రోజను తప్ప మరేమియు లేదు. నీటి అణువు పట్టుకొనుటకు దానిపై కొక్కెము లేదు. అందువలననే తేమ దానిని దాటలేదు. అందువలననే వానకాలమున బెల్లము నిలిచినది. కాని కథ అక్కడితో ముగియలేదు. సూక్ష్మజీవులు ఏ పదార్థమునైనను నీటి సాయమున ఎంజైములతో త్రుంచి తినవలెను. సెల్యులోజును త్రుంచు ఎంజైములు వాటికి కోట్ల ఏండ్లనుండి కలవు. నీరు అంటని, ఎంజైమునకు పట్టు దొరకని పాలితీను గొలుసు వాటికి దాదాపు లొంగదు. ఎండకు అది ముక్కలగును గాని మట్టి కాదు. నీటిని లోనికి రానీయని గుణమే దానిని నేలలో కలియనీయని గుణము. ఈ రెండు గుణములను విడదీయుటకు వీలులేదు. నేటి చిక్కంతయు దీనిలోనే ఉన్నది.

ఈ చిక్కు పల్లెలకు ఎట్లు చేరినదో పశువులను చూచిన తెలియును. వంటింటి తొక్కలను సంచిలో మూటగట్టి పారవేయగా పశువు సంచితోసహా మ్రింగును. నెమరువేయు జంతువుల మొదటి పొట్టలో అది అరుగక, బయటికి పోక, ముద్దగా పేరుకొనును. ఆంధ్రప్రదేశ్‌లోని పుట్టపర్తికి చెందిన కరుణా సొసైటీ ఈ విషయముపై 2012లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసినది.

చట్టము వచ్చిన తీరు

ప్రభుత్వము మొదట సంచి మందముపై దృష్టి పెట్టినది. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. చేతిసంచి కనీసము 20 మైక్రానులు ఉండవలెనని 1999లో నిర్ణయించిరి. 2011లో దానిని 40కి, 2016లో 50కి, 2021 సెప్టెంబరు 30నుండి 75కు, 2022 డిసెంబరు 31నుండి 120కి పెంచిరి. మందము పెంచినచో ప్లాస్టిక్ ఎక్కువగును గదా అను సందేహము సహజము. దీనిలోని ఆలోచన వేరు. పలుచని సంచి తూకమునకు రాదు గనుక ఏరువాడుండడు. గాలికి ఎగిరి కాలువలో పడును. మందమైన సంచి ఉచితముగ ఇచ్చుటకు గిట్టదు, కొన్నవాడు మరల వాడుకొనును, పాతసామానువాడు కొనును. 2022 జూలై 1నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి పెట్టెల చుట్టు కాగితములు మొదలైనవి నిషేధింపబడినవి. పాత వార్తాపత్రికలలో ఆహారమును కట్టరాదని 2018నాటి ఆహారభద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. అచ్చు సిరాలోని రసాయనములు ఆహారమున చేరుటయే దీనికి కారణము. కనుక ప్లాస్టిక్ మాని వార్తాపత్రికకు మరలుట కూడ దారి కాదు.

సరకును బట్టి కట్టు

ఇంతవరకు చూచిన చరిత్రనుండి ఒక సూత్రము తేలుచున్నది. అన్ని సరకులకు ఒకే కట్టు అనునది ప్లాస్టిక్ యుగపు అలవాటు. అంతకు ముందు సరకు స్వభావమును బట్టి కట్టు ఉండెడిది. చిన్న వ్యాపారి తన సరకును నాలుగు తరగతులుగా విడదీసికొన్నచో సగము చిక్కు తీరును.

మొదటివి శ్వాసించు సరకులు: కూరగాయలు, పండ్లు, పూలు. వీనికి పాలితీను అక్కరయే లేదు. వెదురు గంప, ఆకు, వలసంచి చాలును. దూరమునకు పంపుటకు గట్టి ప్లాస్టిక్ క్రేటు వాడినను తప్పులేదు. ఎన్నోసారులు తిరిగివచ్చి మరల నింపబడు క్రేటును ఒక్కసారి వాడి పారవేయు సంచితో పోల్చరాదు.

రెండవవి మొక్కలు, నారు. నల్లని పాలితీను సంచిలో వేళ్ళు గోడను తాకి చుట్టుకొనిపోవును. కొబ్బరిపీచు కుండీలో నాటిన మొక్కను కుండీతోసహా పాతవచ్చును; వేళ్ళు పీచును చీల్చుకొని పోవును.

మూడవవి పొడి సరకులు: విత్తనములు, పప్పులు, ఎండుమిరప. ఎండకాలమున వీనికి గుడ్డసంచి, గోనె, మందపు కాగితము సరిపోవును. జనపనారను మెత్తబరచు ఖనిజతైలపు వాసన అంటకుండుటకు తవుడునూనె వంటి శాకతైలముతో చేసిన గోనెలు కలవు; కాఫీ, కోకో గింజలకు వీనిని వాడుదురు.

నాలుగవవి తేమను పీల్చునవి, జిడ్డు ఓడ్చునవి: బెల్లము, నేతితో చేసిన మాడుగుల హల్వా వంటివి. వీనికి తేమను, నూనెను ఆపు గోడ తప్పదు. సమీపమున అమ్మువాడు సీసాలో ఇచ్చి, ఖాళీ సీసా తెచ్చినవానికి కొంత సొమ్ము వాపసు ఇయ్యవచ్చును. దూరమునకు పంపువాడు ఒకే రకపు ప్లాస్టిక్‌తో చేసిన మందమైన లోసంచి వాడి, పైన అట్టపెట్టె పెట్టుట మేలు. ప్లాస్టిక్, అల్యూమినియము, కాగితము పొరలుగా అతికిన సంచిని విడదీయుట కష్టము గనుక దానిని మరల కరగించి వాడుటయు కష్టమే. బెల్లమును బాగుగ ఆరబెట్టి పొడిచేసినచో తేమ తగ్గి, కట్టుమీది భారము కూడ తగ్గును.

ఇక ‘మట్టిలో కలియును’ అని అచ్చువేసిన సంచుల విషయమున జాగ్రత్త అవసరము. మొక్కజొన్నవంటి పిండిపదార్థములనుండి చేయు పాలిలాక్టిక్ ఆమ్లపు ప్లాస్టిక్ సుమారు 58 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల పెద్ద ఎరువు కర్మాగారములలో చక్కగ విడిపోవును. పెరటి పెంటకుప్పలో ఆ వేడి నిలువదు. చెరకు పిప్పితో చేసిన పళ్ళెములు మాత్రము అట్టివి కావు. పిప్పి ముఖ్యముగా సెల్యులోజు కనుక మట్టిలో కలియును. కాని దానిపై ప్లాస్టిక్ పూత లేదని చూచుకొనవలెను. చోడవరం ప్రాంతమున పిప్పిని గానుగపొయ్యిలో మండించుట వాడుక. పళ్ళెములకు మళ్ళించిన పిప్పికి బదులు పొయ్యికి వేరు వంటచెరకు వెదకవలసివచ్చునని కూడ లెక్కలో చేర్చవలెను.

గుడ్డసంచి కూడ ఇట్లే. పత్తి సాగునకు నీరు, ఎరువులు, శక్తి వ్యయమగును. 2018లో డెన్మార్కు పర్యావరణ శాఖ ప్రకటించిన అధ్యయనము ప్రకారము, వాతావరణముపై ప్రభావమును మాత్రమే లెక్కించినను, నూలుసంచి అక్కడి అంగళ్ళ పాలితీను సంచికి సమానము కావలెనన్న కనీసము 52 సారులు వాడవలెను. అనగా సంచి దేనితో చేసినదన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిసారులు వాడినామన్నది అంత ముఖ్యము. గంపను తిరిగి పంపుట, జాడీని కడిగి వాడుట పూర్వపు వర్తకులకు పొదుపు మాత్రమే. నేటి లెక్కలు ఆ పొదుపును సమర్థించుచున్నవి.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయములను విద్యార్థులు స్వయముగ పరీక్షింపవచ్చును. వానకాలమున ఒకే దిమ్మనుండి తీసిన 100 గ్రాముల బెల్లపు ముక్కలను ఐదింటిని తీసికొని, ఒకదానిని ఆకులోను, ఒకదానిని గోనెగుడ్డలోను, ఒకదానిని తెల్లకాగితములోను, ఒకదానిని మందపు పాలితీనులోను, ఒకదానిని మూతగల సీసాలోను ఉంచవలెను. వారమునకు ఒకసారి కట్టు విప్పి, బెల్లమును మాత్రమే తూచి వ్రాసికొనవలెను. బరువు పెరిగినంత తేమ చేరినదన్నమాట. బెల్లము కరగి కట్టునకు అంటినచో ఆ సంగతియు వ్రాయవలెను. అదే సమయమున ఆకు, గోనె, కాగితము, పాలితీను ముక్కలను బడి తోటలో జానెడు లోతున పాతి, నెలకొకసారి త్రవ్వి చూడవలెను. మొదటి పట్టికలో వెనుకబడినవి రెండవ పట్టికలో ముందుండును. మొదటి పట్టికలో నెగ్గిన పాలితీను రెండవదానిలో మార్పులేక పడియుండును. సీసాను పాతనక్కరలేదు, కడిగి మరల బెల్లము నింపవచ్చును. తమ ఊరి వ్యాపారి ఏ సరకును దేనిలో కట్టవలెనో ఈ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి విద్యార్థులే చెప్పగలరు.